రాజవ్వ గోలి ఆపి చూసింది

2023 వానాకాలం. మా ఫిజియోథెరపీ సెంటర్ కామారెడ్డిలో ఉన్నా, మంగళ, శుక్రవారాలు ఎల్లారెడ్డిలో ఒక అద్దె గదిలో కూర్చునేదాన్ని. మోకాళ్లు నొస్తున్నవాళ్లను బస్సెక్కి నా దగ్గరికి రమ్మనడం నాకే బాగా అనిపించలేదు. రెండు బల్లలు, వేడి మైనం పెట్టె, గోడకు బిగించిన తాళ్లు, అంతే నా సరంజామా. నాట్ల కాలంలో నడుములు వస్తాయి, ఏడాది పొడుగునా బీడీలు చేసే చేతులు వస్తాయి. ఎవరైనా వేళ్ల నొప్పి అంటూ గడప దాటగానే "బీడీలేనా?" అని అడగడం అలవాటైపోయింది.

రాజవ్వనూ అదే అడిగాను. యాభై దాటిన మనిషి, ఎల్లారెడ్డి పక్క ఊరు. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తోంది.

"బీడీలే బిడ్డా. పొద్దుగాల లేస్తే పిడికిలి ముడుసుకోకపోయేది. కత్తెరల ఏలు దూరకపోయేది. మోకాళ్లు గుడ గట్లనే. ఇప్పుడు జర నయమే గని, ఈ చేతులు మల్ల ఎన్కటి లెక్క కావాలె" అంది.

ఎడమ చేతికి మైనం పెట్టబోతే చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఆ దిక్కు ఆపరేషన్ అయ్యింది. వేడి పెట్టద్దన్నరు."

అప్పుడు బయటపడింది సంగతి. రొమ్ము క్యాన్సర్. హైదరాబాద్‌లో ఆపరేషన్, కీమో, ఊళ్లలో కరెంటు పెట్టడమనే రేడియేషన్, అన్నీ అయిపోయాయి. ఇప్పుడు రోజుకొక గోలి. పేరు లెట్రోజోల్. ఒంట్లో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను బాగా తగ్గించి, ఆ రకం క్యాన్సర్ మళ్లీ తలెత్తకుండా కాపాడే మందు. ఏళ్ల తరబడి వేసుకోవాలి. దానితో చాలామందికి కీళ్లు పట్టేస్తాయి. మేం ఆర్థ్రాల్జియా అంటాం. పెద్దగా వాపు కనబడదు, నొప్పి మాత్రం నిజం. పొద్దున లేవగానే మరీ ఎక్కువ.

"గోలి వేసుకుంటుంటే నయం ఎట్లయింది?" అన్నాను.

"ఆపిన."

"ఏంది?"

"గోలి ఆపిన. నెల దాటింది."

నాకు ఒళ్లు మండింది. "ఎవరినడిగి ఆపినవవ్వా? రోగం మల్ల రావద్దనే కదా ఆ గోలి ఇచ్చింది! చేతులు నొస్తున్నయని పాణం మీదికి తెచ్చుకుంటవా?"

నా అరుపంతా అయ్యేదాకా ఓపిగ్గా విని, అప్పుడు నోరు విప్పింది. "నొప్పికి ఆపలే బిడ్డా. కీమో పడ్డదాన్ని, నాకు నొప్పి కొత్తదా? మా ఊర్ల ఒకామె ఉండె. ఆమెకు గుడ గిదే రోగం. గది బొక్కలకు ఎక్కి ఆమె సచ్చిపోయింది. ముందుగాల ఉత్త నడుమే నొచ్చిందట. నాకు చేతులు, మోకాళ్లు నొస్తుంటే, ఇగ బొక్కలకు వచ్చింది అనుకున్న. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. నొప్పి గోలిదైతే ఆపితే తగ్గాలె, రోగానిదైతే తగ్గద్దు. గందుకే ఆపి చూసిన. తగ్గింది! ఆ దినం కోడిని కోసిన."

నాకు నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. ఆలోచించిన తీరులో తప్పేమీ లేదు. కానీ డాక్టరుతో చెప్పకుండా చేసింది, తగ్గాక కూడా మళ్లీ మొదలుపెట్టలేదు. ఆ మాటే అడిగితే, "మల్ల ఏసుకుంటే నొప్పి వస్తది. నొప్పి వస్తే మల్ల గా భయం. నొప్పిని ఓర్సుకుంట. గా భయాన్ని ఓర్సుకునుడు నాతోని కాదు" అంది.

అసలు వైద్యం చేయాల్సింది దేనికో అప్పుడు అర్థమైంది. నొప్పి తగ్గినంత మాత్రాన బొక్కల్లో, అంటే ఎముకల్లో, ఏమీ లేదని నేను చెప్పలేను. ఆమె ఫోన్‌తోనే క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయించి, భర్తకు ఉన్నదున్నట్టు చెప్పమని ఒట్టు వేయించుకుని, ఇద్దరినీ హైదరాబాద్ పంపాను. బోన్ స్కాన్ చేశారు. అంటే ఒంట్లోని ఎముకలన్నిటినీ ఒకేసారి చూసే పరీక్ష. ఎక్కడా ఏమీ లేదు. మందు మార్చి, అదే తరహాలో ఇంకొకటి రాశారు. ఒకటి పడనివాళ్లకు ఒక్కోసారి మరొకటి పడుతుంది.

"డాక్టర్ తిట్టిండా?" అని అడిగాను.

"ముందుగాల పరీక్ష మంచిగున్నదని చెప్పిండు, ఎన్కనే తిట్టిండు. అట్ల తిడితే పొద్దుందాక తిట్లు తినచ్చు బిడ్డా!"

కొత్త గోలితో బిగుతు మళ్లీ వచ్చింది, కాకపోతే కాస్త తక్కువ. ఇక మా ఇద్దరి పని మొదలైంది. మంచం దిగకముందే దుప్పటి కింద పిడికిళ్లు ముడవడం, చాపడం. తర్వాత టెండన్ గ్లైడ్స్, అంటే వేళ్లను ఒక్కో కణుపు దగ్గర వంచుతూ కండర తాళ్లను కదిలించడం. కుర్చీలో కూర్చుని లేవడం. రోజూ నడక. "నొస్తున్నది" అని ఆమె అంటే "నొయ్యనియ్యి, ఇంకోసారి" అని నేను. నా మొండితనానికి ఆమె మొండితనం సరిజోడు. వాన పడుతున్నా గొడుగేసుకుని నడిచేది.

చిక్కల్లా బీడీల దగ్గరే వచ్చింది. ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద ఆడవాళ్లు వరుసగా చేటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున్నే తునికాకు కత్తిరించుకుంటారు, తర్వాత చుడతారు. రాజవ్వ వేళ్లేమో ఎండెక్కితే గానీ సాగవు. "పొద్దున నీ ఆకు ఇంకొకరు కత్తిరిస్తరు, నువ్వు మాపటికి వాళ్ల బీడీలు చుట్టియ్యి" అన్నాను మెల్లగా.

"వీళ్లకు కత్తెర పట్టుడు నేర్పిందే నేను. నేను అడుక్కోవాల్నా?" అంది. ఇంకో మాట ఆమె అనకపోయినా నాకు తెలుసు. అడిగితే ఎందుకో చెప్పాలి. రోగం పోయిందని చెప్పుకున్న మనిషి ఇంకా గోలి వేసుకుంటోందంటే వాళ్లేమనుకుంటారో అని బెదురు.

నేను బలవంతం చేయలేదు. చెప్పులు వేసుకుంటుండగా వెనక నుంచి గట్టిగా వినబడింది. "ఇనుండ్రి. రోగం మల్ల రావద్దని నేను గోలి ఏసుకుంటున్న. దానితోని ఏళ్లు పట్టేస్తున్నయి. పొద్దుగాల ఎవరన్న నా ఆకు కత్తిరియ్యాలె."

పక్కనున్న సాయవ్వ ఆకుకట్ట తన చేటలోకి లాక్కుంది. తర్వాత విసుక్కుంది. "గింత దానికి మమ్ముల గింతగనం సతాయించినవ్! నీ మొకం చూసి రోగం మల్లొచ్చింది, మాతోని దాస్తున్నదని ఏడ్సుకుంట కూసున్నం."

రాజవ్వ చేతుల వంపును నేను కొలవగలను. ఆ చేతులను చూసి ఆమె ఏం భయపడుతోందో కొలిచే పరికరం నా దగ్గర లేదు. అడగాలి, అంతే. ఆమె తర్వాత నా పద్ధతి మారింది. క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవాళ్లు కీళ్లు నొస్తున్నాయని వస్తే, చెయ్యి పట్టుకునే ముందు "ఈ నొప్పి దేనిదనుకుంటున్నరు?" అని అడుగుతాను. చాలామంది తల దించుకుంటారు. ఆ మాట బయటికి వచ్చేదాకా వ్యాయామం మొదలుపెట్టను.

రాజవ్వ ఇప్పటికీ గోలి వేసుకుంటోంది. మొన్న ఎల్లారెడ్డి బస్టాండులో కనబడితే నొప్పి ఎట్లుందని అడిగాను.

"ఉన్నది బిడ్డా" అంది, బస్సు రాడ్డును గట్టిగా పట్టుకుని పైకెక్కుతూ. "నేను గుడ ఉన్న."