తాగని నీళ్లు

కౌన్సిల్ సమావేశమున్న రోజు ఆమె పొద్దుట్నుంచీ నీళ్లు ముట్టదు. ఆ భవనంలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. వీధి దాటి ఆసుపత్రికి పోవాలి. సభ్యుల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే కనుక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎండిన పెదాలు తడుపుకుంటూ, ముందున్న గ్లాసును మోచేత్తో పక్కకు నెట్టి కూర్చుంటుంది. పోయినసారి ఆమె వెళ్లొచ్చేలోపే వీధి కుళాయిల మీద ఓటింగ్ కానిచ్చేశారు.

ఈసారి ఆ ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేద్దామన్న తీర్మానం. సగానికి సగం చీలిన సభలో ఆమె ఓటు పడితేనే వార్డు నిలుస్తుంది. అది తెలిసే, ఆమె లేచి బయటికి పోయేదాకా అవతలివాళ్లు ఉపన్యాసాలు సాగదీస్తున్నారు.

"అక్కకివాళ వీధి దాటే పని లేదా ఏంటి?" అని వెనక బల్ల సభ్యుడు నవ్వాడు.

ఆమె లేచింది. బయటికి పోకుండా, అధ్యక్షుడి కుర్చీ వెనకున్న తలుపు వైపు నడిచింది.

"చెల్లెమ్మా, అది నా సొంత బాత్రూమ్!"

"చెల్లెలికి పరాయిదా అన్నయ్యా? గడియ ఊడిందటగా, కాస్త తలుపు దగ్గర నిలబడండి. కుర్చీలో మీరు లేకుండా ఓటింగెలాగూ జరగదు."

అందరూ చూస్తుండగా కాదనలేక, ఆయన తలుపుకి వీపు పెట్టి నిలబడ్డాడు.

తిరిగొచ్చి ఆమె గ్లాసును దగ్గరికి లాక్కుంది. వార్డు ఉండాలన్నవాళ్లను ఓటుకు పిలిచేసరికి అడుగుదాకా తాగేసి, చెయ్యెత్తింది.