మేడమ్ గారి వెనక గది

మా సోషల్ మేడమ్ గారు పోయారు. పోయిన వారం గురువారం తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయిందని వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేసి చెప్పారు. ఈ కబురుకి ఎవరూ బాధ్యులు కారు. దాని వెనకే వచ్చిన రెండో కబురుకి మాత్రం బాధ్యులున్నారు. ఆవిడ జీవితమంతా పాఠాలు చెప్పిన ప్రైవేటు స్కూలు యాజమాన్యం చర్చిలో జరిగిన ఆదరణ కూడికలో, అంటే సంతాప సభలో, మైకు పట్టుకుని "మేడమ్ గారి ఆశయాలే మా ఆశయాలు" అంది. మర్నాడు పొద్దున్నే ఆవిడ వెనక గదిని ఖాళీ చేయించి, అందులోని వస్తువులన్నీ గోనెసంచుల్లో కుక్కించి, సైకిల్ స్టాండు రేకుల కింద పడేయించింది.

ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. కోపంతో రాసిన కాగితాన్ని మేడమ్ గారికి చూపించకుండా బయటికి వదలడం నాకిదే మొదటిసారి.

వెనక గది గురించి తెలియనివాళ్ళకి ముందు ఒక ప్రయాణం గురించి చెప్పాలి. ప్రతి ఏడూ పదో తరగతి పిల్లల్ని మేడమ్ గారు ఒక మాజీ రాష్ట్రపతి పుట్టిన ఇంటికి తీసుకెళ్ళేవారు. దక్షిణాదిన, రైళ్ళు మారి వెళ్ళాల్సిన ఊరు. ఆ ఇంటిని ఇప్పుడు మ్యూజియం చేశారు. "పక్కన బొర్రా గుహలు పెట్టుకుని అంత దూరం ఎందుకండీ" అని తల్లిదండ్రులు అడిగితే, "గుహని ఎవరూ కట్టలేదండీ, ఇల్లు ఎవరో కట్టేరు" అనేవారు. వాళ్ళకి అర్థమయ్యేది కాదు, కానీ మేడమ్ గారి మీద నమ్మకంతో పంపేవారు.

ఆ రాష్ట్రపతి పేరు మాత్రం ఆవిడ నోట వచ్చేది కాదు. "ఆ ఇంటి అబ్బాయి" అనేవారు. "పుట్టిన్నాడు ఆయన రాష్ట్రపతి కాదు నాన్నా. ఏడిసే గుంటడు, అంతే." అందుకే నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు.

మా బ్యాచీ వెళ్ళేనాటికే నేను దొరికిన కరపత్రమల్లా చదివేవాణ్ణి. సంతలో పంచిన కాగితం, పకోడీ పొట్లం విప్పితే కనపడిన కాగితం, బస్టాండు గోడ మీద సగం చిరిగిన కాగితం. చిరిగిపోయిన సగం నేనే ఊహించుకుని ఆవేశపడేవాణ్ణి. రాష్ట్రపతి ఇల్లు చూడ్డానికి వెళ్ళడమేమిటి, మనుషుల్ని దేవుళ్ళని చెయ్యడం కాదా ఇది, అని నర్సీపట్నం రోడ్డు స్టేషనులో ప్లాట్‌ఫాం మీదే గొడవ మొదలెట్టాను. మా ఊరి పేరు పెట్టుకుని మా ఊరికి అంత దూరంలో నిలబడ్డ స్టేషను అది. మేడమ్ గారు పులిహోర పొట్లం నా చేతిలో పెట్టి, "తిని తిట్టు. కాలీ కడుపుతో తిడితే మాటలు తిన్నగా రావు" అన్నారు. రైలు కదిలే ముందు కళ్ళు మూసుకుని ఆవిడ ప్రార్థన చేసుకున్నారు. మమ్మల్ని చెయ్యమనలేదు. "మీ దేవుళ్ళకి మీరు సెప్పుకోండర్రా. నాను నా టిక్కట్టే తీసుకున్నాను" అని నవ్వారు.

ఆ ఇంటి ముందు అందరూ ఫోటోలకి ఎగబడతారు. మాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఎదురుగా ఉన్న అరుగు మీద వరసగా కూర్చోబెట్టారు. "ముందు ఇంటిని మిమ్మల్ని సూడనియ్యండి" అన్నారు. మేం నవ్వాం. తర్వాత చూడ్డం మొదలెట్టాం. చిన్న గుమ్మం. తల వంచితే గాని లోపలికి పట్టరు. కిటికీ కింద గోడ మీద నీళ్ళు కారిన చార. ఆ చార మా ఇంటి గోడ మీద కూడా ఉంది.

లోపల అద్దాల పెట్టెల్లో కళ్ళజోడు, చెప్పులు, రాగి చెంబు, రాసుకున్న కలం. ఒక మూల గదికి 'ఇక్కడే జన్మించారు' అని బోర్డు. అక్కడ నిలబడి నేను గైడుని అడిగాను. ఆయనకి తెలుగు వచ్చు.

"ఇక్కడే పుట్టేరు కదండీ. పురుడు పోసిందెవరండీ?"

"అది బోర్డులో లేదు బాబూ."

"నేకపోతే? రాష్ట్రపతి గారు తనంతట తనే పుట్టీసేరేటండీ?"

పిల్లలు గొల్లుమన్నారు. నా గొంతు పెరిగింది. చెంబుకి అద్దం పెట్టారు, పురుడు పోసిన చేతికి పేరు కూడా లేదు, ఇది అన్యాయం అని అరిచాను. పక్కన ఎవరో కుటుంబంతో వచ్చినవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. మేడమ్ గారు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. తిడతారనుకున్నాను.

"ఒరే, నానిన్నేళ్ళు వొస్తన్నాను. నాకు తోచలేదురా ఆ ప్రశ్న" అన్నారు. నా చెయ్యి వదిలి, "ప్రశ్న మంచిదే. అరుపు మీద కూకోబెట్టీసేవు దాన్ని. ఆ గైడు ఇంటికెళ్ళి అరుపు గురించే సెప్తాడు. ప్రశ్న ఇక్కడే ఉండిపోద్ది" అన్నారు.

తర్వాత ఆవిడే లోపలికి వెళ్ళి, అదే ప్రశ్న, మెల్లగా, ఆ గైడుని మళ్ళీ అడిగారు. ఆయన తల గోక్కుని, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదమ్మా, మా ఆఫీసరు గారిని కనుక్కుంటాను అన్నాడు. కనుక్కున్నాడో లేదో తెలియదు. కానీ అడుగుతానని ఒక మనిషి అన్నాడు. నా అరుపుకి అది దక్కలేదు.

ఇప్పుడు వెనక గది. ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన ప్రతి పిల్లా, పిల్లాడూ తమ ఇంటి నుంచి ఒక వస్తువు తేవాలి. మ్యూజియంలో పెట్టినట్టు దానికో అట్టముక్క రాయాలి: ఇది ఏమిటి, ఎవరు వాడారు. స్కూలు వెనక పనికిరాని సైన్సు సామాన్ల గదిని మేడమ్ గారు అడిగి తీసుకుని, సున్నం కొట్టించి, పాత కిటికీ అద్దాలు బల్లల మీద పరిచి, వాటి కింద ఆ అట్టముక్కలూ, పైన వస్తువులూ పెట్టించారు. కోటవురట్ల నుంచి బెల్లం పాకం కలిపే చెక్క తెడ్డు. బలిఘట్టం నుంచి పూలమ్మే ముసలావిడ తాటాకు బుట్ట. మేడమ్ గారి సొంత వస్తువు కూడా ఒకటుంది: మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేసిన వాళ్ళమ్మ గారి ఎనామిల్ మగ్గు, అంచున పెచ్చులూడినది. నేను మా అమ్మ జీడిపిక్కలు కొట్టే చెక్క సుత్తి తెచ్చాను. జీడి నూనె ఇంకి పిడి నల్లబడిపోయిన సుత్తి.

మా బ్యాచీ నుంచి మేడమ్ గారు అట్టముక్కలో ఒక వరస పెంచారు. 'నాకు పురుడు పోసింది ఎవరు?' ఇంటికెళ్ళి కనుక్కుని పేరు రాయాలి. నర్సమ్మ అని రాస్తే ఒప్పుకునేవారు కారు. "నర్సమ్మకి పేరు నేదా? వాళ్ళమ్మ పెట్టనేదా?" అనేవారు. పిల్లలు ఆస్పత్రులకి వెళ్ళి అడిగేవారు. కొందరికి దొరికేది కాదు. దొరకనివాళ్ళని 'ఇంకా వెతుకుతున్నాను' అని రాయమనేవారు.

మా అమ్మని అడిగాను.

"నువ్వా? రోలుగుంట ఆస్పత్రికి తీస్కెల్తంటే దారిలో ఆటోలోనే పుట్టీసేవు. అప్పుడూ తొందరే నీకు."

"మరి పురుడెవరు పోసేరే?"

"ఎవరేటి, మన ఎదురింటి నూకాలత్త. తన కోక సింపి నిన్ను సుట్టింది."

నేను నోరు తెరిచాను. మా వీధిలో నాకు అస్సలు పడనిది నూకాలత్త ఒక్కర్తే. మా గుమ్మం ముందుకి ఆవిడ మేకలు వస్తే నేను అరిచేవాణ్ణి, మా కాలవ నీళ్ళు ఆవిడ వాకిట్లోకి పోతే ఆవిడ అరిచేది. ఇద్దరి గొంతులూ వీధి చివరి దాకా వినిపించేవి. ఏ రోజూ 'నిన్ను పుట్టించింది నానురా' అనలేదు. ఒక్కసారి అని ఉంటే నా నోరు అప్పుడే పడిపోయేది.

అట్టముక్క మీద ఆవిడ పేరు రాశాను. గది చూడ్డానికి పెద్దవాళ్ళని పిలిచిన రోజున నూకాలత్త కూడా వచ్చింది. చదవడం రాదు. అద్దం మీద వంగి, మేడమ్ గారిని అడిగింది.

"ఎక్కడుందమ్మా నా పేరు?"

మేడమ్ గారు ఆవిడ వేలు పట్టుకుని అక్షరాల మీద నడిపించారు.

"ఓలమ్మా, అద్దం కింద ఎట్టీసేరా! బతికుండగానే?" అని నూకాలత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "మేకలొస్తే మటుకు తిట్టు. అది ఏరే యవ్వారం" అంది. మేడమ్ గారు నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడ్డారు. ఆ నవ్వు ఇప్పుడూ నా చెవిలో ఉంది.

చదువు అయ్యాక నేను ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో కుదిరాను. రాత్రి పగలు చూడకుండా సొంతంగా కరపత్రాలు కూడా వేసేవాణ్ణి: ఆస్పత్రిలో డాక్టరు లేడని, చెరుకు రైతుకి దగా జరిగిందని. వేసే ముందు మేడమ్ గారికి చూపించేవాణ్ణి. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కాగితం దగ్గరగా పెట్టుకుని చదివేవారు. తప్పులు దిద్దేవారు కారు. ఒకసారి మాత్రం ఇలా అన్నారు:

"'నశించాలి' అని చాలా సార్లు రాసేవు. 'రండి' అని ఒక్కసారీ నేదు. ఎవరు పోవాలో సెప్పేవు గానీ ఎవరు రావాలో సెప్పకపోతే ఎలాగరా? సదివినోడు సదివి మడిచి జేబులో ఎట్టుకుంటాడు, అంతే."

నేను వాదించాను. చాలా వాదించాను. ఆవిడ టీ చల్లారిపోయింది.

సంచుల సంగతి తెలిసిన రోజున నేను స్కూలు నడిపే కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్ళాను. అరవలేదు. మేడమ్ గారు పక్కనుండి వింటున్నట్టే మాట్లాడాను.

"ఏటయ్యా, పాత సామాన్లే కదా" అన్నారు ఆయన. "అడ్మిషన్ల కౌంటరుకి గది కావాలి. పేరెంట్సు ఎండలో నిలబడతన్నారు. మేడమ్ గారికి గేటు మీద అంత పెద్ద ఫ్లెక్సీ కట్టేం, సూడలేదా?"

చూశాను. ఆ ఫ్లెక్సీ వేసింది నా చేత్తోనే. అందులో మేడమ్ గారి ఫోటో కంటే ఆయన ఫోటో పెద్దది.

"సోమవారం పాత ఇనప్సామాన్ల బండి వొస్తది. ఈలోపల ఎవరికైనా కావాలంటే తీస్కెళ్ళమను" అని ఆయన నవ్వారు. "అయినా వాటి కోసం ఎవడొస్తాడయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర లేదు. అది మీ దగ్గర ఉంది. ఆ గదిలో ఒక వస్తువు పెట్టిన ప్రతి ఒక్కరి దగ్గరా, అద్దం కింద పేరున్న ప్రతి మంత్రసాని, నర్సమ్మ, పక్కింటి పెద్దమ్మ దగ్గరా ఉంది. పేరు దొరక్క 'ఇంకా వెతుకుతున్నాను' అని రాసినవాళ్ళ దగ్గర కూడా ఉంది. మనం వెళ్ళేది వస్తువులు ఇంటికి తెచ్చుకోవడానికి కాదు. సంచులు విప్పి, తుడిచి, వెనక గదిలో మళ్ళీ పెట్టడానికి. గది ఇవ్వమని అందరం కలిసి అడుగుదాం. మెల్లగా, ప్రశ్న వినపడేలాగ. కౌంటరు కోసం నిలబడే తల్లిదండ్రులకి నీడ కావాలంటే పందిరి మనమే వేద్దాం.

మీరన్న మాటలో తప్ప ఈ కాగితంలో 'నశించాలి' ఎక్కడా లేదు మేడమ్ గారూ. వెతుక్కోండి.

నిన్న సాయంత్రం నూకాలత్త మేకల్ని మా అమ్మకి అప్పజెప్పి, వెళ్ళి ఆ గోనెసంచుల పక్కన కూర్చుంది. వాచ్‌మన్ లెమ్మన్నాడట. "నా పేరుంది ఇందుల. పేరొగ్గీసి ఎక్కడికెల్తాను?" అందట. నేను వెళ్ళేసరికి ఒక సంచి మూతి విప్పి, అందులోంచి పెచ్చులూడిన ఎనామిల్ మగ్గు తీసి, కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

ఆదివారం ఉదయం ఏడు గంటలకి, చర్చికి వెళ్ళేవాళ్ళకి ప్రార్థన వేళ దాటిపోకుండా, స్కూలు గేటు దగ్గర.

రండి.