నార్మలే అన్నారు

మా అప్పను (అక్కను మేం అలాగే పిలుస్తాం) మందస పక్క పల్లెలో, జీడితోట ఉన్న ఇంటికి ఇచ్చాం. తన మొదటి కాన్పు పలాసలో అయినప్పుడు నర్సు తలుపు తీసి "నార్మలే" అంది. ఆ ఒక్క మాటకే మా అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ ఇంగ్లీషు మాటకి గండం గడిచిందనే అర్థం. జ్వరం దిగితే నార్మల్. తుఫాను పోయి కరెంటు వస్తే నార్మల్. అలిగిన బావ అన్నానికి లేచినా నార్మలే.

కిందటేడు జీడిపిక్కలు ఏరే రోజుల్లో బావ పాదాలు పొంగాయి. చెప్పులు పట్టడం లేదు. మా ఉద్దానంలో కాళ్ళు పొంగాయంటే ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. అప్ప ఆ మాట నోటితో అనలేక నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను టెక్కలి నుంచి వెళ్ళాను. ఇద్దరం కలిసి బావను పలాసలో ఒక డాక్టరుకి చూపించాం.

రక్తపరీక్ష చూసి ఆయన, "మీ వైపు ఇది నార్మలే. ఉప్పు తగ్గించండి" అన్నాడు.

బయటికి రాగానే బావ మొహం విప్పారింది. "ఇన్నావేటే? నార్మలంట! మీ అప్పాసెల్లెళ్ళకి ఊరికే బెంగ" అంటూ టీ కొట్టు వైపు నడిచాడు. అప్ప కూడా నవ్వింది. నాకు మాత్రం "మీ వైపు" అన్న మాట మింగుడుపడలేదు. ఒక్కదాన్నే మళ్ళీ లోపలికి వెళ్ళాను.

"నార్మలంటే బాగున్నట్టేనా అండీ?"

డాక్టరు గొంతు తగ్గించాడు. "బాగుందని కాదమ్మా. మీ ఊళ్ళల్లో చాలామందికి ఇలాగే ఉంటోంది కదా, ఆయన హడలిపోకూడదని అలా అన్నాను. కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. వైజాగ్‌లో చూపించండి."

నాకు ఒళ్ళు మండింది. ఊరంతా ఒకే జబ్బు పడితే అది జబ్బు కాకుండా పోతుందా?

బస్టాండులో అప్పకు చెప్పాను. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడే సెప్పకే. ఇంటికెళ్ళనీ" అంది. దారంతా బావ పక్కసీటు వాళ్ళతో జీడిపిక్కల ధర గురించి హుషారుగా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇంటికి చేరాక అప్పే చెప్పింది. బావ కస్సుమన్నాడు. "అందరికీ ఉన్నదే నాకూ ఉన్నాది. ఇందులో కొత్తేటి?"

"అందరూ పోతన్నారు కదా బావా" అన్నాను. అనకూడని మాటే. బావ లేచి తోటలోకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక అప్పతో ఒక్కటే అన్నాడట: "వైజాగు ఎప్పుడెల్దాం?"

మందులతో, చప్పిడి కూడుతో ఏడాది నెట్టుకొచ్చారు. డయాలసిస్ దాకా రాలేదు. ఎన్నాళ్ళు రాకుండా ఉంటుందో చెప్పగలిగేవాళ్ళు లేరు. నేనూ ఉద్దానం నీళ్ళు తాగి పెరిగినదాన్నే కాబట్టి పరీక్ష చేయించుకోమని అప్ప ఫోన్ చేసినప్పుడల్లా పోరుతోంది. రేపు వెళ్తాననే చెబుతున్నాను. ఇంకా వెళ్ళలేదు.