రెండో డికాషన్ లౌజు

ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా మా ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మొన్న కుటుంబమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో కూడా రాశాను. ఎవరో ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిన్న మా ఊళ్ళో సాక్చి బజారులో ఒక మిఠాయి కొట్లో కాఫీ బర్ఫీ, కాఫీ లడ్డూ వరసగా పేర్చి ఉన్నాయి. పక్క దుకాణంలో కాఫీ సబ్బు కూడా అమ్ముతున్నారు. జనం వింతగా చూస్తున్నారు. ఆ వాసన తగలగానే నా ఎడమ చెవి వేడెక్కింది.

చిన్నప్పుడు మేమున్న బాగ్‌బేరా రైల్వే క్వార్టర్‌లో మా వంటింటి వాసన అది. ఖర్కాయి నది ఒడ్డున రెల్లు పూసే, పెరట్లో పారిజాతాలు తెల్లారేసరికి రాలే, యార్డులో వ్యాగన్లు ఢీకొన్నప్పుడల్లా అలమరలో గ్లాసులు సన్నగా మోగే దసరా రోజులు. ఊరంతా టీ తాగే ఆ చోట మాకు కాఫీ పొడి విశాఖ నుంచి వచ్చే బండిలో, నాన్న తోటి గార్డు సంచిలో రావాలి. అందుకని అమ్మ చుక్క కూడా పారబోసేది కాదు. మొదటి డికాషన్ డ్యూటీ దిగి వచ్చే నాన్నకి. అదే పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోసి దింపిన రెండోది పిల్లలకి. అందులో అటుకులు నానబెట్టుకుని, బెల్లం కొరుక్కుంటూ తినేవాళ్ళం.

ఇసుక లేకుండా వడగట్టిన బెల్లం నీళ్ళను కూడా అమ్మ, రెండో డికాషన్ ఉంచే చెంబు లాంటి స్టీలు చెంబులోనే, అదే గట్టు మీద పెట్టేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. లౌజుకి కొబ్బరి కోరు వేగుతుంటే, గుమ్మంలో పూలు కడుతున్న అమ్మ "ఒలే గౌరీ, ఆ బెల్లం నీళ్ళొంపియ్యే" అంది. ఒంపాను. గుప్పుమని కాఫీ వాసన లేచింది.

"ఏటే ఇది! కళ్ళు నెత్తి మీదెట్టుకున్నావేటి?" అని అమ్మ నా ఎడమ చెవి మెలిపెట్టింది. పారబోయడానికి మనసొప్పక, బెల్లం నీళ్ళు కూడా పోసి, దగ్గరపడేదాకా తిప్పింది. పదిహేనేళ్ళ మా సరోజక్క ఉండలు చుట్టింది. చుట్టిన మాట నిజమే, కాదనను. ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతూ, ముందు తియ్యగా, మింగాక నాలుక చివర కాస్త చేదుగా, ఆ లౌజు ఎంతసేపటికీ నోట్లోంచి పోయేది కాదు.

నాన్న కొరికి, కళ్ళు మూసుకుని, "ఎవులు సేసేరే ఇది?" అన్నాడు.

"నేనే నాన్నా" అంది అక్క.

"మా సరోజ సేతిలో ఏటో ఉన్నాదే!"

నేను చెవి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. అమ్మ నవ్వి, ఇంకో ఉండ నాన్న చేతిలో పెట్టింది. అప్పటినుంచి కాలనీ అంతటికీ అది సరోజ లౌజు. అక్క పెళ్ళిచూపుల్లోనూ అదే పెట్టారు. కొబ్బరి కోరింది నేను.

పోయిన నెల సోనారిలోని ఇంట్లో అక్క తన మనవరాలికి ఆ లౌజు నేర్పుతోంది.

"డికాషన్ పోసింది నేనక్కా" అన్నాను.

"ఇంకా అదేనేటే? తిను ముందు" అని ఒక ఉండ నా చేతిలో పెట్టింది.

"ఛోడో నా, ఛోటీ నానీ" అని నవ్వింది మనవరాలు, వదిలెయ్యి చిన్నమ్మమ్మా అని.

ఆ క్వార్టర్ కూలగొట్టేశారు. అమ్మ డికాషన్ దింపే ఇత్తడి ఫిల్టరు ఏమైందో తెలియదు. నాన్న పోయాడు, అమ్మా పోయింది. ఆ రోజు వంటింట్లో ఉన్నవాళ్ళలో మిగిలింది మనమిద్దరమే అక్కా. మళ్ళీ లౌజు పెట్టి నా నోరు మూయించకు. ఆ చెంబు ఒంపింది ఎవరు? నీ మనవరాలి ముందు చెప్పు.