నాయన కాలి ఫొటోలు

దెయ్యాలన్నా, జరగబోయేది ముందే తెలియడమన్నా నాకు నవ్వు. ధర్మపురిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషిని. చుట్టాల్లో ఎవరైనా కల్లో ఏదో కనిపించిందని మొదలుపెడితే, పడుకునే ముందు ఏం తిన్నారని అడిగి తిట్లు తిన్నదాన్ని. అందుకే ఇది రాయడానికి చాలా తటపటాయించాను.

పోయినేడు కొత్త ఫోన్ కొన్నాను. రెండు వేళ్ల దూరంలో పెట్టి తీసినా స్పష్టంగా వచ్చే కెమెరా. కొన్నాళ్లు అదే పిచ్చి. చీమ మీసాలు, కరివేపాకు ఈనెలు, ఉప్పురాయి అంచులు, అన్నీ స్టేటస్‌లో పెట్టి అందరి ప్రాణం తీశాను.

మా నాయన కంబైనల్లూరు దగ్గర సేద్యం చేస్తాడు. అమ్మ లేదు. ఏటా అమ్మవారి తిరునాళ్లలో అగ్నిగుండం తొక్కుతాడు. పోయినేడు గుండం దాటి వచ్చి, "ఈసారి చురుక్కు కూడా అన్లే పాపా. అమ్మోరు చల్లంగా చూసింది" అన్నాడు. మేమంతా పొంగిపోయాం. ఆయన కాళ్లలో స్పర్శను షుగర్ తినేసిందని ఎవరికీ తట్టలేదు. కుడికాలి చిటికెన వేలు దగ్గర బొబ్బ లేచి, పగిలి, పుండయ్యాక గానీ ఆస్పత్రికి పోలేదు.

వేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. రోజూ బస్సెక్కించొద్దు, కట్టు మార్చేటప్పుడు బాగా దగ్గర్నుంచి ఫొటో తీసి పంపమన్నాడు. సెలవు పెట్టి ఊళ్లో ఉండిపోయాను. ఊపిరి బిగబట్టి తీసేదాన్ని. చెయ్యి కాస్త కదిలినా మసకే.

ఒక రోజు ఫొటోలో పుండు అంచున నల్లటి చుక్క కనిపించింది. కాలు మీద చూస్తే లేదు. మర్నాడు కాలి మీదే అదే చోట చుక్క వచ్చింది. కంటికి ఆననిది కెమెరాకు ఆనిందిలే అనుకున్నాను.

ఇంకో ఫొటోలో పసుపుపచ్చ దారప్పోగు ఒకటి, వంకర తిరిగి అంటుకుని ఉంది. మా ఇంట్లో ఉన్నది తెల్ల కట్టుగుడ్డ. కాలంతా వెతికాను, పోగు లేదు. ఆ సాయంత్రం కట్టు తడిస్తే ఊళ్లో నర్సు వచ్చి, మందు పూసిన పసుపు గుడ్డతో కట్టింది. మర్నాడు విప్పితే పుండు మీద పోగు. అదే వంకర.

కొద్ది రోజులకు, అలవాటుగా తీసి, చూసుకోకుండానే పంపేశాను. ఇదెవరి కాలు, సరైన ఫొటో పంపండి అని డాక్టరు జవాబు. అప్పుడు చూశాను. ఫొటోలో పుండే లేదు. లేత గులాబీ రంగు కొత్త చర్మం, మధ్యలో సన్నటి తెల్ల గీత, దాని చివర చిన్న మచ్చ. నా ఒళ్లో ఉన్న కాలేమో చీము పట్టే ఉంది. మళ్లీ తీస్తే ఈసారి పుండే పడింది. అది చూసి, వెంటనే తీసుకురండి, వేలు తీసేయాలి అని రాశాడు.

ఆశ ఆగక, పసుపు పోగు సంగతి, మానిన ఫొటో సంగతి నాయనకు చెప్పేశాను.

"మానిపోతాదని నీ ఫోనే చెప్తా ఉండాది, ఇంగ కొయ్యేదెందుకు? నేను రాను పో" అన్నాడు.

నేను గట్టిగా పట్టుబట్టలేదు. నాకూ అదే నమ్మాలనిపించింది. మర్నాడు తెల్లారేసరికి ఆయన ఒళ్లు కాలిపోతోంది. ఆటోలో వేసుకుని ధర్మపురికి పరుగెత్తాను. వేలు తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే పాదమే పోయేదని డాక్టరు నన్ను కడిగేశాడు.

కుట్లు విప్పి గాయం ఆరాక, డాక్టరుకు పంపడానికి మళ్లీ దగ్గర్నుంచి తీశాను. లేత గులాబీ చర్మం. తెల్ల గీత. చివర మచ్చ. పాత ఫొటో తెరిచి పక్కన పెట్టాను. సన్న ముడతలతో సహా రెండూ ఒకటే. అంటే పాత ఫొటోలో మానింది కూడా వేలు తీసేసిన చోటే. అంత దగ్గర్నుంచి తీస్తే, పక్కన వేలుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫోన్ బాగుచేసేవాళ్లకు చూపించాను. పాత ఫొటో తేదీ సరిగ్గానే ఉందన్నారు. డాక్టరు ఫోన్లోనూ అది అలాగే ఉంది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. అది నన్ను ఆగమందో, త్వరగా పొమ్మందో కూడా తెలియదు. కంటిమీద కునుకు లేకుండా చేస్తున్నది ఆగమందో, పొమ్మందో తేలకపోవడమే.

పోయిన వారం నాయన ఎడమ మడమ పగిలిందని కాలు నా ఒళ్లో పెట్టాడు. "నాకు కండ్లు ఆనడంలే. దగ్గర్నుంచి ఒకటి తీసి చూడు పాపా."

"ఫోన్లో చార్జి లేదు నాయనా. డాక్టరుకే చూపిద్దాం, లెయ్" అన్నాను.

ఫోన్ నా చేతిలో వెలుగుతూనే ఉంది. ఆయన దానివైపు చూశాడు, నావైపు చూశాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.