కాలువ కట్టేశాక అమ్మిన ఇల్లు

ధవళేశ్వరంలో మా ఇల్లు అమ్మిపెట్టమని బ్రోకరుని పిలిచింది జనవరిలో. వచ్చినవాడు వాస్తు అడగలేదు, కాగితాలు అడగలేదు. చెప్పులు విడిచి నేరుగా వెనకగదిలోకి నడిచాడు. గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత ఆ చెయ్యి రుమాలుతో తుడుచుకున్నాడు.

"ఇప్పుడు కాదండి మేడమ్ గారూ. కాలువ కట్టేశాక చూపిద్దామండి," అన్నాడు.

మా వెనక గోడకీ కాలువ గట్టుకీ మధ్య ఒక మనిషి పట్టే సందు, అంతే. కాలువలో నీళ్ళున్నంత కాలం ఆ గది గచ్చులోకి ఊట వస్తూనే ఉంటుంది. చాప పరిస్తే చాప తడుస్తుంది, మంచం కోళ్ళు నల్లబడతాయి. వేసవిలో మరమ్మతుల కోసం నీళ్ళాపి కాలువలు కట్టేస్తారు కదా, ఏడాది మొత్తం మీద ఆ రెండు నెలలే ఆ గది ఆరేది. నేను ముప్పై ఏళ్ళు ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైనదాన్ని. నీళ్ళు ఎప్పుడు ఆపేదీ, ఎప్పుడు వదిలేదీ రాసిన కాగితాలు నా టేబుల్ మీదుగానే పోయేవి. కాబట్టి అతని మాట నాకు అర్థం కాలేదని బుకాయించడానికి లేదు. అర్థమయ్యే తలూపాను.

అమ్మకానికి పెట్టింది మా ఆయన కోసం. వీధి గోల పడదని పన్నెండేళ్ళు ఆ వెనకగదిలోనే పడుకున్నారాయన. ముందు దగ్గు వచ్చింది, తర్వాత ఆయాసం. ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఉంటే ఇక మందులు కూడా పనిచెయ్యవని డాక్టరు ఆయన ముందే చెప్పేశాడు. ఇంటికొచ్చాక మా ఆయన, ఉన్నదున్నట్టు చెప్పి వచ్చిన ధరకి ఇచ్చేద్దామన్నారు. మీకేం తెలీదు ఊరుకోండి అని కసిరాను. ఉన్నదున్నట్టు చెబితే ఆ ఇంటిని కొనే నాథుడెవడు?

ఏప్రిల్‌లో కాలువ కట్టేశారు. పదిహేను రోజులకి గచ్చు రంగు తేలింది. బ్రోకరే మనుషుల్ని తెచ్చి, చెమ్మకి గోడ మీద పొంగిన ఉప్పంతా గీకించి, పుట్టీ పట్టించి, లేత పసుపు రంగు వేయించాడు. వెనకగది అంత ముద్దుగా ఉండటం నేనే ఎప్పుడూ చూడలేదు. చూసినకొద్దీ నాకు ఒళ్ళు మండింది. అతని మీదో నా మీదో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత ఒకరోజు కాఫీ తాగుతూ మీది ఏ సంఘం అని అడిగాడు. చెప్పాను. మా చర్చి పేరు ఫోనులో రాసుకున్నాడు. కాలువల పక్కన పుట్టి పెరిగినవాళ్ళని ఈ ఇంటికి తీసుకురాననీ, వాళ్ళు గుమ్మంలోనే పసిగట్టేస్తారనీ చెప్పాడు. కాలువల్లేని మెట్టవాళ్ళయితే మేలట, అందులోనూ మా సంఘంవాళ్ళయితే ఇంకా మేలట. ఒకే చర్చివాళ్ళు ఒకరినొకరు పెద్దగా ప్రశ్నలు వేసుకోరట. ఇన్నేళ్ళ అనుభవంతో చెబుతున్నానన్నాడు. ఛీ, ఏం మనిషిరా బాబూ అనుకున్నాను. అనుకుని, ఇంకో కప్పు కాఫీ పోశాను.

మే మొదట్లో అలాంటి మనిషినే తెచ్చాడు. మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగిన టీచరమ్మ, నలభై దాటి ఉంటాయి. ఇటు వైపు బడికి బదిలీ అయింది. వెంట వాళ్ళ నాన్నగారు వచ్చారు. ఆ పెద్దాయన మా అరుగు మూడు మెట్లెక్కి ఆగిపోయారు. జేబులోంచి ఇన్‌హేలరు తీసి రెండుసార్లు పీల్చుకున్నారు. సరిగ్గా అదే రంగుది మా ఆయన తలగడ పక్కన ఉంటుంది.

వెనకగది కిటికీ తెరవగానే గాలి జివ్వున వచ్చింది. బయట ఎండిపోయిన కాలువలో గేదెలు మేస్తున్నాయి. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి, ఈ గది నాకిచ్చెయ్యమ్మా అని కూతురితో అన్నారు. ఆవిడ నా వైపు తిరిగింది.

"అక్కగారూ, మన సంఘంవాళ్ళు కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతున్నానండి. నాన్నగారికి చెమ్మ పడదు. వానాకాలం ఈ గదిలో తడేమైనా వస్తుందా అండి?"

మెట్టవాళ్ళకి తడి అంటే వానే. నేల కిందనుంచి వచ్చే నీళ్ళ సంగతి వాళ్ళకేం తెలుసు? బ్రోకరు గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు, కానీ అతని వేలు కదలడం లేదు. మా ఆయన ముందుగదిలో ఉన్నారు. దగ్గు ఆపుకుంటున్నారని నాకు తెలుస్తోంది.

"వానకి ఒక్క చుక్క కారదమ్మా," అన్నాను.

అబద్ధం కాదు. మా స్లాబు నిజంగానే కారదు. ఆవిడ దేవునికి స్తోత్రం అంది.

రెండు వారాల్లోనే రిజిస్ట్రేషన్ అయింది. మేము రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటుకి మారాం. పది రోజుల్లో మా ఆయన దగ్గు సగానికి సగం తగ్గింది. సంతోషించాలి కదా? ఆయన హాయిగా ఊపిరి తీసినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన మెట్ల మీద ఆగిపోవడమే కళ్ళ ముందు మెదిలేది. జూన్ మొదట్లో కాలువలకి నీళ్ళు వదులుతున్నారని పేపర్లో చూశాను. వాళ్ళింకా సామాను దింపలేదు. కనీసం ఆ గదిలో పెద్దాయన్ని పడుకోబెట్టొద్దని చెబుదామని ఫోను తీశాను. ముందు బ్రోకరుకి చేశాను, బుద్ధి లేక. సంతకాలయిపోయాక మనకెందుకండీ, లేనిపోని గొడవ అన్నాడు. ఫోను పెట్టేశాను. ఆవిడకి చెయ్యలేదు. చెయ్యడానికి ముఖం చెల్లలేదు.

ఆ తర్వాతి వారం ఆవిడే ఫోన్ చేసింది. శనివారం గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నామనీ, ఇంత మంచి ఇల్లు ఇచ్చినవాళ్ళు కాబట్టి మొదటి ప్రార్థన నేనే చెయ్యాలనీ అంది. రానని చెప్పడానికి ఒక్క సాకూ తట్టలేదు. మా ఆయన మాత్రం రానన్నారు. నువ్వెళ్ళు అన్నారు, నా ముఖం చూడకుండా.

వెళ్ళేసరికి కాలువ గట్ల అంచుల దాకా నిండి ఎర్రటి నీళ్ళతో పారుతోంది. జనం ఎక్కువమంది లేరు. పాస్టరుగారు, బడివాళ్ళు కొందరు. ప్రార్థన కూడిక పెట్టింది వెనకగదిలోనే. పెద్దాయనకి కిటికీ కింద కొత్త మంచం వేశారు, దాని మీద పూల దుప్పటి. ఆయన కూర్చుని నన్ను చూసి చేతులు జోడించారు. కొత్త చాపలు పరిచి ఉన్నాయి. వాసన నాకు తెలిసిపోయింది. మిగతావాళ్ళకి రంగు వాసనే అనిపించి ఉంటుంది.

పాస్టరుగారు అందరినీ మోకరించమన్నారు. మోకరించాను. చాప లోంచి చల్లదనం నా చీరకి పట్టింది, తర్వాత మోకాళ్ళకి తగిలింది. కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడైనా చెప్పెయ్, ఇందరి ముందు చెప్పెయ్ అని లోపల ఒకటే గొడవ. నోరు తెరిచాను. వచ్చింది ప్రార్థనే. ఈ ఇంటిని దీవించు ప్రభువా అన్నాను. ఈ గదిలో పడుకునే నీ దాసుడికి నిండు ఆరోగ్యం దయచెయ్యమని, పేరు పెట్టి మరీ అడిగాను. నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. అందరూ ఆమేన్ అన్నారు. పెద్దాయన ఆమేన్ సగంలో దగ్గు అడ్డం పడింది.

లేవబోతుంటే టీచరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. నా చీర మీద మోకాళ్ళ దగ్గర రెండు తడి మచ్చలు. అవి చూసి పాపం ఆవిడ సిగ్గుతో ముడుచుకుపోయింది.

"అయ్యో, క్షమించండి అక్కగారూ. మీరొస్తున్నారని పొద్దున్నే గచ్చు కడిగాను. ఇంకా ఆరినట్టు లేదండి."

"పర్వాలేదమ్మా," అన్నాను. "ఆరిపోతుందిలే."