ఉపవాసం నాటి ఉగ్గాణి

కల్లూరులో మా సంఘపెద్ద హెన్రీకి షుగర్ ఉందని కూతురికి తప్ప ఎవరికీ తెలియదు. రోగాలు పోవాలని అందరి తలల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసే మనిషి, తన రోగం చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. కూతురు ప్రేమజ్యోతి ఆయన చేతికి నడక లెక్కపెట్టే బ్యాండ్ కట్టి, దాన్ని ఆయన ఫోన్‌లో తిండి లెక్క చూసే యాప్‌తో కలిపింది. ఆయన తిన్నదంతా ఆమే తన ఫోన్ నుంచి అందులో ఎక్కిస్తుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. హెన్రీ ఫోన్‌లోని బైబిల్ వాక్యం గోడ మీది టీవీలో కనిపిస్తుంటే అందరం చదువుతున్నాం. ఉన్నట్టుండి వాక్యం మీదికి యాప్ కబురొకటి వచ్చింది: “మధ్యాహ్నం: ఉగ్గాణి, రెండు బజ్జీలు.”

చదవడం ఆగిపోయింది. ముందు వరసలో రాహేలమ్మ ఉంది. ఉపవాసం నాడు టీ తాగిందని పోయిన వారమే హెన్రీ ఆమెను అందరి ముందు నిలబెట్టి మందలించాడు.

“బజ్జీలు గూడా ఉండాయే అయ్యా,” అంది రాహేలమ్మ.

హెన్రీ బ్యాండ్‌ను చొక్కా చేతి కిందికి తోసుకున్నాడు. “నాకు షుగర్ ఉండాదమ్మా. తినకపోతే కండ్లు తిరుగుతాయి.”

“నాకూ ఉండాదయ్యా. అందుకే ఆ పొద్దు టీ తాగితి. అడిగింటే చెప్పేదాన్నే.”

హెన్రీ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఆ రోజు ముగింపు ప్రార్థన రాహేలమ్మే చేసింది.